ఆంధ్రదేశంలో స్వాతంత్ర్యోద్యమం: వ్యక్తులు, భావాలు

మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో 1905 తరవాత బలపడి 1947 దాకా సాగిన బ్రిటిష్ వ్యతిరేక పోరాటాలన్నిటినీ కలిపి ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమం అంటారు. గంజాం నుంచి నెల్లూరు దాకా కోస్తా, దత్తమండలాలుగా పేరుపడిన రాయలసీమ, విశాఖ, గోదావరి జిల్లాల ఏజెన్సీ కొండలు దీనికి రంగస్థలం. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో పోరాటం మరో దారిలో నడిచింది. కాంగ్రెస్ అఖిల భారత స్థాయిలో ఇచ్చిన పిలుపులే తెలుగు జిల్లాల్లోనూ ఉద్యమానికి చట్రం. అయితే ఇక్కడ అది ఉధృతమైన దాదాపు ప్రతి సందర్భంలోనూ అడుగున ఒక స్థానిక పన్నో, అడవి మీద ఒక హక్కో కనిపిస్తుంది. వకీళ్ళూ పత్రికా సంపాదకులూ చెప్పిన స్వరాజ్యం పల్లెలో ఇంటిపన్నుగా, అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరిగా, శిస్తుగా అర్థమైనప్పుడు వేల మంది కదిలారు. నాయకత్వం జంకి వెనక్కి తగ్గిందీ సరిగ్గా ఆ ఘట్టాల్లోనే.

నేపథ్యం

కోస్తాలోని ఉత్తర సర్కార్లు 1760లలో, దత్తమండలాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఉత్తర సర్కార్లలో 1802 నుంచి శాశ్వత పద్ధతి కింద జమీందారీలు స్థిరపడ్డాయి. దత్తమండలాల్లో థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతి వచ్చింది. జమీందారీలో రైతుకు ఎదురుగా జమీందారు నిలిచాడు, రైత్వారీలో నేరుగా సర్కారే నిలిచింది. తరవాతి పోరాటాల స్వభావాన్ని చాలావరకు ఈ తేడాయే నిర్ణయించింది.

1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ తరవాత ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో గోదావరి మీద, 1850లలో కృష్ణ మీద ఆనకట్టలు లేచాయి. డెల్టాలో మాగాణి విస్తరించింది, ధాన్యం వ్యాపారం పెరిగింది. పిల్లల్ని రాజమండ్రి, మచిలీపట్నం, మద్రాసు కాలేజీలకు పంపగల రైతు కుటుంబాలు తయారయ్యాయి. 1905 నాటికి ఉద్యమానికి నాయకులూ చందాదారులూ ఈ వర్గం నుంచీ, పాత బ్రాహ్మణ విద్యావంతుల నుంచీ వచ్చారు. సంఘ సంస్కరణలో కందుకూరి వీరేశలింగం వేసిన పునాది వారికి అందివచ్చింది. వీరేశలింగానికి మాత్రం బ్రిటిష్ పాలనతో పేచీ లేదు. ఆయన పోరు ఇంటి ఆచారాలతోనే సాగింది.

కాంగ్రెస్ తొలి దశలో తెలుగువారి పాత్ర పరిమితం. వారిలో ప్రముఖుడు పి. ఆనందాచార్యులు. 1885 బొంబాయి సభకు హాజరైన ఆయన 1891 నాగపూర్ సభకు అధ్యక్షత వహించారు. వినతిపత్రాలతో సాగిన ఆ కాలంలో పల్లెకు కాంగ్రెస్ పేరు కూడా తెలియదు.

వందేమాతరం

బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా లేచిన వందేమాతర ఉద్యమం 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ పర్యటనతో ఆంధ్రను తాకింది. మచిలీపట్నం నుంచి వెలువడే కృష్ణాపత్రికకు చెందిన ముట్నూరి కృష్ణారావు ఆహ్వానం మీద వచ్చిన పాల్ విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నాల్లో మాట్లాడి మద్రాసు వెళ్ళారు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను తెలుగులో వినిపించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. భారతదేశాన్ని పాడియావుగా, భారతీయులను మూతికి బుట్ట కట్టిన లేగదూడలుగా, పాలు పిండుకునేవారిని తెల్లవారుగా చిత్రించిన చిలకమర్తి ఆశుపద్యం ఆ సభల నుంచే ఊరూరా పాకింది. దేశ సంపద విదేశానికి తరలిపోతోందని దాదాభాయి నౌరోజీ లెక్కలతో నిరూపించిన వాదాన్ని అక్షరం రానివారికి కూడా అందజేసింది ఆ నాలుగు పాదాలే.

ప్రభుత్వ స్పందన ఉద్యమానికి మరింత మేలు చేసింది. రాజమండ్రి కళాశాలల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఆగ్రహానికి గురై బహిష్కృతులైనవారిలో ట్రైనింగ్ కాలేజీ విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. కర్నూలువాడైన గాడిచర్లకు సర్కారు కొలువుల దారి అక్కడితో మూసుకుపోయింది. ఆయన విజయవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. తిరునల్వేలి కాల్పుల మీద 1908లో అందులో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కింద శిక్ష పడింది. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళి దాన్ని మూడేళ్ళకు పెంచించింది. తెలుగునాట తొలి రాజకీయ ఖైదీగా గాడిచర్లను లెక్కిస్తారు.

1907 మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్న ఒక కుర్రవాణ్ణి కెంప్ అనే దొర కొట్టాడు. కెంప్ జిల్లా వైద్యాధికారి. ఆ రాత్రి జనం యూరోపియన్ క్లబ్బు మీద పడ్డారు. నినాదం చదువుకున్నవారి సభను దాటి వీధిలోకి వచ్చిందని అధికారులకు తెలిసింది అప్పుడే.

పత్రిక, పాఠశాల, గ్రంథాలయం

1908 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఉద్యమం పైకి చల్లబడినట్టు కనిపిస్తుంది. నిజానికి తరవాతి ఉప్పెనకు కావలసిన సంస్థలన్నీ ఈ పదేళ్ళలోనే ఏర్పడ్డాయి. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు ప్రారంభించిన కృష్ణాపత్రికకు ముట్నూరి 1907 నుంచి 1945లో మరణించేదాకా సంపాదకులు. ఆయన సంపాదకీయాల్లో రాజకీయం తత్వచింతనతో కలిసిపోయి ఉంటుంది. వాటిని పూర్తిగా అర్థం చేసుకున్న పాఠకులు తక్కువే అయినా, చదివి గౌరవించినవారు చాలా ఎక్కువ. అమృతాంజనం వ్యాపారంలో గడించిన డబ్బుతో కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది.

మచిలీపట్నంలో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లె హనుమంతరావు దీనికి జీవితాన్నే ధారపోశారు. ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయనకు తోడు నిలిచారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులూ చిత్రకళా నేర్పి, సర్కారు కొలువు మీద ఆధారపడని యువకులను తయారుచేయాలన్నది ఈ ముగ్గురి ఆశయం.

అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914 ఏప్రిల్‌లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అప్పటినుంచి గ్రంథాలయాలు ఒక సంఘటిత ఉద్యమంగా విస్తరించాయి. జైలు నుంచి వచ్చిన గాడిచర్ల దీనికి మరో స్తంభమయ్యారు. సాయంత్రం పత్రిక పైకి చదివి వినిపించే గ్రంథాలయం ఉన్న ఊరికి 1921లో సహాయ నిరాకరణ సందేశాన్ని వేరుగా మోసుకెళ్ళాల్సిన పని లేకపోయింది. ఉద్యమ చరిత్రల్లో కాల్పులకూ అరెస్టులకూ దక్కినంత చోటు ఈ గ్రంథాలయాలకు దక్కలేదు.

ఈ కాలంలోనే ఆంధ్రోద్యమం కూడా పుట్టింది. 1913 మేలో బాపట్లలో, బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతన, మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న కోరిక అక్కడ చర్చకు వచ్చింది. అప్పటికి చాలామంది దాన్ని తొందరపాటు అన్నారు. పట్టాభి పట్టుదలతో 1917 కలకత్తా కాంగ్రెస్ ఆంధ్రకు వేరే రాష్ట్ర కాంగ్రెస్ ఉండవచ్చని ఒప్పుకుంది. దాన్ని సమర్థించినవారిలో తిలక్, వ్యతిరేకించినవారిలో అనీబిసెంట్ ఉన్నారు. మరుసటి ఏడు న్యాపతి సుబ్బారావు అధ్యక్షులుగా, కొండా వెంకటప్పయ్య కార్యదర్శిగా ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం పని ఆరంభించింది. భాషాభిమానం దేశాభిమానాన్ని పలుచన చేస్తుందన్న భయం ఆచరణలో నిజం కాలేదు. తెలుగులో నడిచే కాంగ్రెస్ ఏర్పడటం వల్లనే ఇంగ్లీషు రాని రైతు సభ్యుడు కాగలిగాడు. 1920 నాగపూర్ కాంగ్రెస్ దేశమంతటా ఇదే పద్ధతిని అనుసరించింది.

స్వాతంత్ర్యం ఎవరికి అన్న ప్రశ్న వేసినవారు కూడా అప్పటికే ఉన్నారు. 1917 నవంబరులో విజయవాడలో హైదరాబాదుకు చెందిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన దళితుల సభ, పంచములన్న పేరును తిరస్కరించి తమను ఆది ఆంధ్రులుగా ప్రకటించుకుంది. బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ మరో వైపు నుంచి కాంగ్రెస్ నాయకత్వపు కులస్వభావాన్ని ఎత్తిచూపింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన మాలపల్లి నవల ఈ ప్రశ్ననే కాంగ్రెస్ ఉద్యమం లోపలికి తెచ్చింది. దళిత కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపి, కూలి, భూమి, స్వరాజ్యం మూడింటినీ ఒకే ముడిలో చూపిన ఆ నవలను ప్రభుత్వం నిషేధించింది.

1921: చీరాల-పేరాల

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ విజయవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు అక్కడే నిర్ణయమయ్యాయి. జాతీయ పతాకం మీద 1916లోనే పుస్తకం వేసిన పింగళి వెంకయ్య తన నమూనాను గాంధీకి చూపింది కూడా ఈ సందర్భంలోనే. సమావేశం ముగించుకుని గాంధీ చీరాల వెళ్ళారు. అక్కడి గొడవకూ ఖిలాఫత్‌కూ, పంజాబు దురంతాలకూ సంబంధం లేదు. అది పురపాలక సంఘం పన్నుల గొడవ.

నేతపనికి పేరుపడ్డ చీరాల, దాన్ని ఆనుకుని ఉన్న పేరాల కలిపి జనాభా పదిహేను వేల చిల్లర. 1919లో ప్రభుత్వం ఈ రెండింటినీ పురపాలక సంఘంగా మార్చింది. పన్నులు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగాయి. దానికి తగ్గ నీరు, దీపాలు, రోడ్లు వస్తాయన్న నమ్మకం జనానికి కలగలేదు. పురపాలక సంఘం వద్దని అర్జీలు పెట్టుకున్నారు. అప్పటికి కొన్ని శాఖలను భారతీయ మంత్రులకు అప్పగించిన ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. స్థానిక పాలన శాఖ మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు తెలుగువాడే, జస్టిస్ పార్టీ నాయకుడు. అర్జీలు ఫలించలేదు. పన్ను కట్టనివారికి జైలు శిక్షలు పడ్డాయి.

ఈ ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్కాట్లండులోని ఎడింబరోలో చదివి వచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన రసజ్ఞుడు. వీధిభాగవతం, తోలుబొమ్మలాట, హరికథ, చాటుపద్యం అన్నీ ఆయనకు ప్రచార సాధనాలే. కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకున్న వాలంటీర్లతో రామదండు అనే దళాన్ని కట్టి కవాతు నేర్పాడు. రామరాజ్యం, రామదండు, రామనగరం వంటి మాటలతో రాజకీయాన్ని జనం భాషలోకి దించడంలో ఆ తరంలో ఆయనకు సాటి లేరు. జనం ఆయనకు ఆంధ్రరత్న అని పేరు పెట్టుకున్నారు.

గాంధీ చీరాలవారికి రెండు దారులు చూపారు. అహింస తప్పకుండా పన్నుల నిరాకరణ సాగించడం ఒకటి, ఊరే విడిచి పురపాలక సంఘం హద్దులు దాటి వెళ్ళడం రెండోది. కష్టనష్టాలకు కాంగ్రెస్ సాయం ఆశించవద్దని కూడా స్పష్టంగా చెప్పారు. జనం రెండోది ఎంచుకున్నారు. 1921 వేసవిలో పదమూడు వేల పైచిలుకు మంది ఇళ్ళకు తాళాలు వేసి, మగ్గాలతో, పశువులతో ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరే రామనగరం. ఊరు లేకపోతే పురపాలక సంఘమే లేదన్నది వారి తర్కం. రామనగరం తన సొంత పంచాయతీతో, తన సొంత కట్టుబాట్లతో పదకొండు నెలలు నిలిచింది. ఎండలూ వానలూ రోగాలూ తోడు కాగా, ప్రభుత్వం పాకలు వేసిన జాగాల మీద కూడా పన్నులూ జరిమానాలూ విధించింది. బయటి నుంచి విరాళాలు అంతంతమాత్రంగా వచ్చాయి.

బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి మాట్లాడినందుకు దుగ్గిరాలకు ఏడాది జైలుశిక్ష పడింది. నడిపే మనిషి లేక, 1922 తొలినాళ్ళలో దేశమంతటా ఉద్యమం ఆగిపోవడంతో, జనం తిరిగి ఇళ్ళకు చేరారు. పురపాలక సంఘం ఉండిపోయింది. విజయమా పరాజయమా అన్నది ఇప్పటికీ తెగని చర్చ. పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు కనుక పరాజయమే అనాలి. అయితే ఒక పట్నం పట్నమంతా తన ఇష్టంతో దాదాపు ఏడాది ఇల్లు విడిచి ఉండటం సహాయ నిరాకరణ చరిత్రలో మరెక్కడా ఇంత స్థాయిలో జరగలేదు. దుగ్గిరాల జబ్బుతో, అప్పులతో నలిగి 1928లో ముప్పై తొమ్మిదేళ్ళ వయసుకే కన్నుమూశాడు.

పుల్లరి, శిస్తు

గుంటూరు జిల్లా పశ్చిమాన పల్నాడులో పశువులను అడవిలో మేపుకోవాలంటే పుల్లరి కట్టాలి. వానలు లేని ఏడు పుల్లరి కట్టడం రైతుకు మోయలేని బరువు. 1921లో రైతులు పుల్లరి కట్టకుండానే పశువులను అడవికి తోలారు. అటవీ ఉద్యోగులకు, పోలీసులకు నిప్పూ నీళ్ళూ చాకలీ మంగలీ లేకుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. పశువులను బందెలదొడ్డికి తోలడంతో ఘర్షణలు ముదిరాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో రైతు నాయకుడు కన్నెగంటి హనుమంతు మరణించాడు. ఎకరాలూ పశువులూ ఉన్న సంసారి, పుల్లరి కట్టగల స్తోమత ఉన్నవాడే. కట్టనిది స్తోమత లేక కాదు.

అదే జిల్లాలో పెదనందిపాడు ఫిర్కా శిస్తు నిరాకరణకు పూనుకుంది. ఇక్కడ పర్వతనేని వీరయ్య చౌదరి కట్టిన శాంతిసేన సుమారు నాలుగు వేల మంది. ఊరూరా తిరిగి శిస్తు కట్టవద్దని చెప్పడం, జప్తుకు వచ్చిన ఉద్యోగుల మీద ఎవరూ చేయి చేసుకోకుండా చూడటం వాలంటీర్ల పని. అసలు దెబ్బ మునసబులు, కరణాల మూకుమ్మడి రాజీనామాలతో పడింది. శిస్తు వసూలు యంత్రమంతా వీరి చేతుల మీద నడిచేది. వంశపారంపర్యపు హక్కు పోతుందని తెలిసీ వారు రాజీనామా చేయడం కలెక్టరు రూథర్‌ఫర్డ్‌ను కలవరపెట్టింది. జప్తు చేసిన సామానుకు వేలంలో పాట పాడేవాడు లేడు. సైన్యాన్ని ఊళ్ళ మీదుగా కవాతు చేయించారు.

గుంటూరు నాయకుడు దేశభక్త కొండా వెంకటప్పయ్యకు గాంధీ రాసిన జవాబుల్లో ఉత్సాహం కంటే హెచ్చరికే ఎక్కువ. అహింస, హిందూ ముస్లిం ఐక్యత, ఖద్దరు, అంటరానితనం వదులుకోవడం అనే షరతులు నిజంగా నెరవేరాయా అని ఆయన నిలదీశారు. తనిఖీకి ఆంధ్ర కాంగ్రెస్ ఉపసంఘం వేసింది. ఆ సంఘం పరిస్థితి ఫరవాలేదని నివేదించింది. ఇంతలో చౌరీచౌరాలో హింస చెలరేగింది. ఉద్యమాన్ని నిలిపివేస్తూ కాంగ్రెస్ చేసిన బార్డోలీ తీర్మానంతో 1922 ఫిబ్రవరి మధ్యలో అంతా ఆగిపోయింది. శిస్తు ఎగవేత రేపు జమీందారీ రైతుల చేతుల్లోకి వెళ్తే ఎక్కడ ఆగుతుందన్న భయం కూడా కాంగ్రెస్ పెద్దల్లో ఉందని చెప్పడానికి తరవాతి రైతుసంఘాల చరిత్ర చాలు. రైతులు శిస్తు కట్టారు. రాజీనామా చేసిన మునసబులు, కరణాలు కొందరు ఉద్యోగాలు శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

ఈ రెండేళ్ళ ఊపుకు గొంతు ఇచ్చినవాడు గరిమెళ్ళ సత్యనారాయణ. తెల్లదొరతనం వద్దని చెప్పే ఆయన పాట ఊరేగింపు లేకుండానే ఊరు దాటింది. దాని కోసమే ఆయన జైలుకు వెళ్ళారు. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ సభల్లో చేసిన ఉపన్యాసాలకు 1922లో ఏడాది శిక్ష అనుభవించారు. వితంతువు గడప దాటి వేదికెక్కడమే వింత అయిన రోజులవి.

మన్యం

కాంగ్రెస్ ఉద్యమం ఆపిన ఆరు నెలలకు ఏజెన్సీ కొండల మన్యంలో తుపాకులు మోగాయి. 1882 మద్రాసు అటవీచట్టం వచ్చాక కొండవారి పోడు వ్యవసాయం, అడవి ఫలాల సేకరణ నేరాలయ్యాయి. ముఠాదారులు అంటే కొన్ని కొండ ఊళ్ళ మీద వంశపారంపర్య పెత్తనం ఉన్నవారు. వారి అధికారాలు, రాబడులు కుంచించుకుపోయాయి. అంతకుముందే 1879లో రంపలో పెద్ద తిరుగుబాటు జరిగింది. గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించే పనిలో కొండవారిని నామమాత్రపు కూలికి పిండుకోవడం పాత గాయాన్ని మళ్ళీ రేపింది.

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు. పూర్వీకులది పశ్చిమగోదావరిలోని మోగల్లు. సన్యాసిలా దేశాటనం చేసి కృష్ణదేవిపేట ప్రాంతంలో స్థిరపడ్డాడు. వైద్యం, జ్యోతిషం, తపస్సు వల్ల కొండవారికి గురువయ్యాడు. సారా మానమనీ, తగవులు కోర్టులకు కాక పంచాయతీలకు తెచ్చుకోమనీ బోధించాడు. ఇవి కాంగ్రెస్ మాటలే. కానీ ఆయుధం పట్టకుండా స్వరాజ్యం రాదని ఆయన తేల్చుకున్నాడు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి ముఠాదార్ల కుటుంబాలవారు ఆయన వెంట నడిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకెళ్ళారు. వస్తున్నట్టు ముందే కబురు పెట్టే మిరపకాయ టపా ఆ తరవాత ప్రసిద్ధమైంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసి, భారతీయ సిపాయిలను ముందుకు పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలను మాత్రం కాల్చారు. స్వదేశీయుల మీద తుపాకీ ఎత్తకూడదన్న నియమాన్ని పోరులో వీలైనంతవరకు పాటించారు. మలబారు ప్రత్యేక పోలీసులు చాలక అస్సాం రైఫిల్స్‌ను దింపారు. 1924లో గుంటూరు అనుభవం ఉన్న రూథర్‌ఫర్డ్‌కే ప్రత్యేక కమిషనర్ పదవి కట్టబెట్టారు. ఊళ్ళ మీద జరిమానాలు వేసి, తిండి అందకుండా చేసి, తిరుగుబాటును ఉక్కిరిబిక్కిరి చేశారు. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర హతుడయ్యాడు.

మైదానంలోని కాంగ్రెస్ ఆ రెండేళ్ళూ ఈ పోరుకు దూరంగా ఉంది. పత్రికలు కొన్ని నిందించాయి కూడా. రాజు చనిపోయాక అవే పత్రికలు ఆయన్ని శివాజీతో, రాణాప్రతాప్‌తో పోల్చాయి. 1929లో గాంధీ సైతం ఆయన త్యాగనిరతికి జోహారు చెప్పి, మార్గాన్ని మాత్రం ఒప్పుకోలేదు. సీతారామరాజు కీర్తిలో గంటందొర, మల్లుదొర, పేర్లు కూడా మిగలని కొండవారు మరుగునపడ్డారు. ఇది వారి పోడు కోసం, వారి ఊళ్ళ కోసం జరిగిన యుద్ధమన్న సంగతి సినిమాల్లో, విగ్రహాల్లో మసకబారింది.

ఉప్పు నుంచి రైతుసంఘం దాకా

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ కాకినాడలో జరిగింది. ఆ సందర్భంగా పెట్టిన ప్రదర్శనలో వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆమె మద్రాసులో నాయకత్వం వహించి జైళ్ళు చూసింది. తరవాత ఆంధ్ర మహిళా సభను కట్టి, రాజ్యాంగ సభలో సభ్యురాలైంది.

టంగుటూరి ప్రకాశం 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పేద ఇంట పుట్టి, మద్రాసు హైకోర్టులో లక్షలు గడించిన బారిస్టరు. ప్రాక్టీసు వదిలి, ఆస్తినంతా స్వరాజ్య ఇంగ్లీషు దినపత్రికకు ధారపోశాడు. సైమన్ కమిషన్ వచ్చిన 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో కాల్పుల తరవాత తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపి నిలిచాడు. ఆంధ్రకేసరి బిరుదు ఆ ఘటనతో స్థిరపడింది. డబ్బు, పదవి, పరువు మూడూ లెక్కచేయని సాహసం ఆయన బలం. లెక్కాపత్రం చూసుకోని తొందర ఆయన బలహీనత.

పట్టాభి ఇందుకు పూర్తిగా భిన్నమైన మనిషి. మచిలీపట్నంలో డాక్టరు, ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు, 1935లో వెలువడిన కాంగ్రెస్ చరిత్రకు రచయిత. 1939లో గాంధీ మద్దతుతో అధ్యక్షపదవికి నిలిచి సుభాష్ బోస్ చేతిలో ఓడారు. ఉద్యమానికి అంకెలు, తీర్మానాలు, నిర్మాణం సమకూర్చినవారాయన.

ఉప్పు సత్యాగ్రహం నాటికి జిల్లాకొక శిబిరం వెలిసింది. కోస్తా పొడవునా ఉప్పు వండారు. 1930 మేలో మచిలీపట్నం కోనేరు సెంటరులో జెండా వదలనందుకు తోట నరసయ్యనాయుడును స్పృహ తప్పేలా కొట్టారు. ఈ దశలో జైలే బడి అయింది. అందులోంచి బయటికొచ్చిన యువకులు కొందరు గాంధీ దారిని వదిలారు. మద్రాసు లయోలా కళాశాల చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలో చేరిన పుచ్చలపల్లి సుందరయ్య 1934 తరవాత ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీని కట్టినవారిలో ముఖ్యుడు.

1922లో అడ్డుపడిన జమీందారీ ప్రశ్న ఇప్పుడు నేరుగా ముందుకొచ్చింది. నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఎన్.జి. రంగా రైతుసంఘాలను కట్టి, నిడుబ్రోలులోనే రైతు కార్యకర్తలకు రాజకీయ పాఠశాల నడిపారు. వెంకటగిరి, మునగాల వంటి జమీందారీల్లో ఆందోళనలు సాగాయి. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. మద్రాసులో ఏర్పడిన రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న ప్రకాశం అధ్యక్షతన వేసిన సంఘం, ఎస్టేటు భూములకు రైతే యజమాని అని 1938లో తేల్చింది. మంత్రివర్గం దిగిపోవడంతో అది వెంటనే చట్టం కాలేదు.

1942లో క్విట్ ఇండియాకు ముందే కళా వెంకటరావు ప్రభృతులు ఆంధ్ర కాంగ్రెస్ పేరుతో ఒక రహస్య సర్క్యులర్ పంపారు. కర్నూలు సర్క్యులర్‌గా ప్రసిద్ధమైన ఇందులో తంతితీగలు తెంచడం దాకా దశలవారీ కార్యక్రమం ఉంది. కాంగ్రెస్ హింసకు పథకం వేసిందని నిరూపించేందుకు ప్రభుత్వం దీన్నే చూపింది. ఆగస్టు 12న తెనాలిలో రైల్వే స్టేషను తగలబడింది. కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు.

రాయలసీమ, తెలంగాణ

కరువుసీమలో నీరు, కొలువులు, కళాశాలలు కోస్తాకే దక్కుతున్నాయన్న అనుమానం బలంగా ఉండేది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక రాబోయే ఆంధ్రరాష్ట్రంలో నీటి వాటాలు, రాజధాని, హైకోర్టు విషయాల్లో సీమకు హామీలిచ్చింది. కల్లూరి సుబ్బారావు సీమ నాయకుల్లో ప్రముఖుడు.

హైదరాబాదు సంస్థానంలో ఎదురుగా ఉన్నది నిజాము. సభ పెట్టుకోవడానికే అనుమతి కావాలి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేయడంతో ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దీనికి ప్రాణం. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. భాష, గ్రంథాలయం, బడి అన్న మితవాద కోర్కెలతో మొదలైన సభ వెట్టిచాకిరీ, భూస్వాముల అక్రమాల మీదికి మళ్ళింది. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన అది చీలిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్యతో సాయుధ పోరాటం రాజుకుంది. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ భారత్‌లో విలీనం కోరింది. అదే మాట రాసిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది.

1947 తరవాత

ప్రకాశం సంఘం 1938లో చెప్పిన మాట 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో కొంతవరకు అమలైంది. రైతుకు పట్టా వచ్చింది, జమీందారుకు నష్టపరిహారం దక్కింది. ఉప్పు సత్యాగ్రహంలోనూ క్విట్ ఇండియాలోనూ జైలుకు వెళ్ళిన పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్ష పట్టి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన రాష్ట్రానికి ప్రకాశం ముఖ్యమంత్రి, శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం కర్నూలు రాజధాని. మన్యం తిరుగుబాటులో యావజ్జీవ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు స్వతంత్రుడిగా ఎన్నికయ్యాడు. 1882 అటవీచట్టం అప్పటికీ అమల్లోనే ఉంది.